అద్దాల పెట్టెలో మా పెద్దవదిన

మొన్న చలికాలంలో మా అన్న మనవరాలు నన్ను పట్నంలోని కంటి దవాఖానకు తీసుకుపోయింది. షాద్‌నగర్‌లో టీచరు ఆమె. దవాఖానలో పని తొందరగా తెమిలింది. "తాతా, పాత సామాన్లంటే నీకు పానం గదా, మ్యూజియం చూసి పోదాం పా" అన్నది. ఎనభై ఆరేండ్ల ముసలివాణ్ని, నేనే ఒక పాత సామాన్ని, నాకు వేరే చూపించాలా అనుకుంటూనే వెంట నడిచాను. రాతి విగ్రహాలూ తుప్పు పట్టిన కత్తులూ దాటినాక ఒక మూల అద్దాల పెట్టె కనబడింది. నీలం మఖమలు గుడ్డ మీద వెండి నాణేలు వరుసగా పేర్చి ఉన్నాయి. కింది వరుసలో చివరిదాని ముందర నా కాళ్లు ఆగిపోయాయి. దాని మీద ఒక మగవాని తల, జుట్టు మీద ఆకుల దండ, చెంప నుంచి మెడ దాకా నిలువునా ఒక ఉలి గాటు. గడ్డం కింద చిన్న బెజ్జం. తాడుకు గుచ్చి వేలాడదీస్తే ఆ రాజు తలకిందులవుతాడు. పక్కనున్న చీటీలో అక్షరాలు నాకు ఆనలేదు. మనవరాలు చదివింది. నల్లగొండ జిల్లాలో దొరికిన రోమను వెండి నాణెం అట. స్థానికులు అజ్ఞానంతో తలకిందులుగా రంధ్రం వేయడం వల్ల దెబ్బతిన్నదట.

అజ్ఞానమట. చదువుకున్నవాళ్లు ఎంత తేలిగ్గా రాస్తారీ మాట! ఆ బెజ్జం ఎవరు వేశారో, ఎందుకు సరిగ్గా అక్కడే వేశారో నాకు తెలుసు. వేసిన మా ఊరి వెండి పని ఔసలాయన చెయ్యి నా కళ్ల ముందర ఉన్నది. ఆ చీటీ రాసిన మనిషి ఒక్కసారి నాణేన్ని తిప్పి చూసి ఉంటే, ఎవరిది అజ్ఞానమో ఆయనకే తెలిసేది. తిప్పలేదు. అరవై ఏండ్లు దాటింది, ఒక్కడూ తిప్పలేదు. మనవరాలు నా చెయ్యి పట్టుకొని, "చెమటలు పట్టినయేంది తాతా, కూసుంటవా" అని అడిగింది. కూర్చున్నాను. కూర్చొని ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మాది దేవరకొండ దిక్కు గొర్రెలు కాసే ఇల్లు. గొంగళ్లు నేసేవాళ్లం, రెండెకరాల చెలకలో జొన్నలు వేసేవాళ్లం. నాయిన నా చిన్ననాడే పోయాడు, అన్నే ఇంటి పెద్ద. అన్న మొదటి భార్యను, అంటే మా పెద్దవదినను, తలుచుకుంటే నాకు ఒకే బొమ్మ కనబడుతుంది. పొద్దు వాలే వేళ దొడ్డి ముందర పీట వేసుకొని కూర్చునేది. ఒక చేత పొడుగాటి కట్టె నిలబెట్టి పట్టుకునేది, ఇంకో చేత తుమ్మ మండ. మందతో పోలేని బక్క గొర్రెపిల్లలకు ఆ మండ మేపేది. బలిసిన పిల్ల ఏదైనా మీదికి వస్తే కట్టెతో దాన్ని అవతలికి నెట్టేది. ఇంట్లో అన్నం దగ్గర కూడా అదే న్యాయం. నేను రెండోసారి కంచం చాపితే, లేని కట్టెను నా మీదికి ఎత్తినట్టు చెయ్యి ఎత్తేది. ఆమె కాన్పు కాలేక కడుపులో బిడ్డతో సహా పోయింది. ఏడాది తిరిగినాక అన్నకు మక్తల్ దిక్కు నుంచి రెండో సంబంధం తెచ్చారు.

మా వాళ్లలో ఒక ఆచారం ఉండేది. మొదటి భార్య పోయి రెండో భార్య ఇంటికి వస్తే, పోయినామె బొమ్మను వెండి బిళ్ల మీద చెక్కించి కొత్త కోడలి మెడలో కట్టేవారు. సవతి బిళ్ల అనేవాళ్లు. పేరుకు సవతి గానీ పిలుపు అక్క అనే. కొత్త చీర వస్తే ముందు బిళ్లకు తాకించాలి, పండుగనాడు బిళ్లకు చూపించినాకే తాను తినాలి. అట్లా మర్యాద చేస్తే పోయినామె ఓర్చుకుంటుంది, చేయకపోతే ఇంట్లో పసిబిడ్డకు తొట్టె కట్టనివ్వదు అని నమ్మకం. మక్తల్ వదినకు పెళ్లినాడు కట్టిన బిళ్ల కాగితమంత పలుచనిది. బొమ్మ అంటే రెండు కండ్లు, రెండు చేతులు, అంతే. ఉన్ని కత్తిరించే ముందు గొర్లను వాగులో కడుగుతుంటే ఆ బిళ్ల తెగి నీళ్లలో కొట్టుకుపోయింది. నెల తిరగకముందే వదినకు మూడో నెల కడుపు పోయింది. వదిన మెడ తడుముకుంటూ తిరిగేది.

ఆ ఎండాకాలమే అన్నా నేనూ బండి కట్టుకొని పాటిమన్నుకు పోయాం. పాటిగడ్డ అంటే ఎప్పటిదో పాడుబడ్డ ఊరు. అక్కడి బూడిద రంగు మన్ను చెలకలకు మంచి ఎరువు, అందరూ తవ్వుకునేవాళ్లే. అన్న గడ్డపారకు ఒక మట్టి గురిగి తగిలి పగిలింది, అందులో నుంచి వెండి బిళ్లలు జారాయి. కొన్నిటి మీద ఇద్దరు మగవాళ్లు పక్కపక్కన నిలబడి ఉన్నారు, మధ్యన డాళ్లు, బల్లేలు. అన్న నవ్వి, "గిది మనిద్దరమే తమ్మీ. గీ పక్కోడు నువ్వు, పని జెప్తే కట్టెకు ఆనుకొని నిలవడ్డవు" అన్నాడు. ఇంటికి తెచ్చి అమ్మ కొంగులో పోశాం. అమ్మ ఒక్కొక్కటీ తీసి వెలుతురుకు పట్టి చూస్తున్నది. ఒక బిళ్ల దగ్గర ఆమె చెయ్యి ఆగింది. దాని మీద ఒక ఆడమనిషి పీట మీద కూర్చొని ఉన్నది. ఒక చేత పొడుగు కట్టె, ఇంకో చేత మండ, చీర కుచ్చిళ్లు కాళ్ల మీదికి జారి ఉన్నాయి.

"గిది మన పెద్ద కోడలే గదరా," అన్నది అమ్మ. "పీట సుత అదే."

మేం నవ్వలేదు. నవ్వే పరిస్థితి కాదది. పైగా, ఒట్టేసి చెప్తాను, అచ్చం ఆమే. మర్నాడే ఔసలాయనను పిలిపించాం. ఆయన బిళ్లను అటూ ఇటూ తిప్పి, రెండోవైపు మగవాని చెంప మీద ఉలి గాటు చూసి మొహం చిట్లించాడు. ఈ మొగాయన బయటికి కనబడొద్దు, ఎదకు ఆని ఉండాలి, బొమ్మలో ఉన్న అమ్మే బయటికి ఉండాలి, ఎన్నడూ తిరగబడొద్దు అన్నాడు. అమ్మ అక్కడితో ఆగలేదు. గాటుపడ్డ మొగం మీదికి వస్తే ఇంటి మగవానికి గండం అని తీర్మానించింది. ఔసలాయన కొలిచి కొలిచి, బొమ్మలోని ఆడమనిషి నెత్తి మీద సరిగ్గా మధ్యన బెజ్జం వేశాడు, ఆమె నిటారుగా కూర్చోవాలని. వెనకాల రాజు తలకిందులైతే కానీ! ఆనాటి నుంచి వదిన నీళ్లు చేదేటప్పుడూ, దొడ్డి ఊడ్చేటప్పుడూ, వంగితే చాలు, ఒక అరచెయ్యి బిళ్ల మీద పెట్టుకునేది. మూడు నెలలకు నెల తప్పింది. ఈసారి కడుపు నిలిచింది.

ఇక నా సంగతి. నేను బడి మొహం చూడలేదు. తెలుగు అక్షరాలు గొర్ల వెంట తిరుగుతూ బండల మీద రాసి నేర్చుకున్నాను, ఇంగ్లీషు అక్షరాలు అంగట్లో కొన్న చినిగిన వాచకంలో. ఇరవై ఒక్కేండ్లకు ఊర్లో పేపరు చదివేవాళ్లం ముగ్గురమే ఉంటే అందులో నేనొకణ్ని. అందుకని నా కాళ్లు భూమ్మీద ఉండేవి కావు. ఆ బిళ్ల మీద చుట్టూరా ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే, కూడితే మాత్రం ఇంగ్లీషు మాట ఒక్కటీ కాదు. నిద్ర పట్టలేదు నాకు. ఇంగ్లండు రాణి బొమ్మేమో అని కూడా అనుకున్నాను. వారం వారం పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే పేపరు ఒకటి మా ఊరి చాయ్ హోటలుకు వచ్చేది. వదినకు ఎనిమిదో నెల నడుస్తున్నప్పుడు దానికి రాద్దామనిపించింది. నాణేల మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే బొమ్మ దిగుతుంది. గురిగిలోని రెండు మూడు తీసుకొని రుద్దాను. ఆడమనిషి బొమ్మ మరి రెండు మూడింటి మీద ఉన్నా, అన్నిటికంటే తేటగా ఉన్నది వదిన మెడలోనే ఉన్నది. అడిగాను.

"తీయను మరిదీ. మెడ మీదనే గీసుకో. గని గా మొగోని దిక్కు తిప్పకు," అన్నది. ఆమె తాడు ముందుకు పట్టుకొని కూర్చుంటే, బిళ్ల కింద వాచకం ఆనించి రెండు కాగితాల మీద రుద్దుకున్నాను. బొమ్మ దిగింది, అక్షరాలు దిగాయి, నెత్తి మీది బెజ్జం తెల్లటి చుక్కగా దిగింది. ఒకటి ఉత్తరంలో పెట్టి, ఊరి పేరు రాసి, కింద నా పేరు రాయడానికి సిగ్గుపడి "జిజ్ఞాసువు" అని రాశాను. ఆ నెలలోనే నేర్చుకున్న మాట అది, ఎక్కడో ఒకచోట వాడాలని చేతులు దురద. మూడు వారాలు పేపరు తిరగేశాను. జవాబు లేదు. నాలుగో వారం జీపు వచ్చింది.

పట్నంలోని పురావస్తు శాఖ నుంచి ఒక కుర్ర ఆఫీసరు దిగాడు. కోస్తా మనిషి, ఇస్త్రీ చొక్కా, నెమ్మది మాట. వెంట మా ఊరి భూముల లెక్కలు చూసే గిర్దావరు, ఇద్దరు పోలీసులు. పాటిమన్ను తవ్వినవాళ్ల ఇండ్లు అడుగుతూ మా ఇంటికి వచ్చారు. నేల కింద దొరికింది సర్కారుది, దాచిపెట్టడం నేరం అని గిర్దావరు అరుగు ఎక్కకముందే అరిచాడు. అమ్మ మారు మాట్లాడకుండా జొన్నల గుమ్మిలో నుంచి గురిగి పెంకులతో సహా బిళ్లలన్నీ తెచ్చి గొంగడి మీద పోసింది. పని అయిపోయిందనుకున్నాం. ఆఫీసరు జేబులో నుంచి, పేపరువాళ్లు తనకు పంపిన నా ఉత్తరం తీశాడు. జిజ్ఞాసువు ఎవరని అడిగాడు. అన్న చేతులు కట్టుకొని, ఆ పేరు గలోడు మా ఊర్ల లేడు సారూ అన్నాడు. పోలీసాయన నవ్వాడు, నేను తల దించుకున్నాను. అప్పుడు ఆఫీసరు కాగితాన్ని వెలుతురుకు పట్టి, ఈ నాణెం పైన తెల్ల చుక్క ఉంది చూడండి, అంటే చిల్లు, చిల్లున్న నాణెం వీటిలో లేదు, అది ఎక్కడ ఉంది అని అడిగాడు. కోపంగా కూడా అడగలేదు. లెక్క తప్పిన పిల్లవాణ్ని అడిగినట్టు అడిగాడు.

అన్న లేదన్నాడు. గిర్దావరు చొక్కా పట్టుకున్నాడు. అన్న మళ్లీ లేదన్నాడు. దేవరకొండ ఠాణాకు తీసుకుపోతామన్నారు, తీసుకుపోండి అన్నాడు. ఇంటి చుట్టూ మనుషులు గుమిగూడారు. ఆ ఉత్తరం నాది అని ఒక్క మాట అంటే చాలు. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. ఇంగ్లీషు అక్షరాలు చదివే నాలుక అది. తలుపు చాటున వదిన నిలబడి ఉన్నది. తొమ్మిదో నెల, నీళ్లాడే దినాలు దగ్గరికి వచ్చాయి. ఆమె అన్న వంక చూడలేదు, ఆఫీసరు వంకా చూడలేదు. నా వంకే చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. తర్వాత గడప దాటి బయటికి వచ్చింది.

"ఆయననేమనకున్రి సారూ. బిళ్ల నా మెడల ఉన్నది."

అమ్మ ఉరికి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టేసింది. "తీయకు బిడ్డా. తీస్తే బతుకవు," అన్నది. ఆఫీసరుకు సంగతి తెలియదు. గిర్దావరు ఆయన చెవిలో ఏదో చెప్పి నవ్వాడు. ఆయన నవ్వలేదు, అది ఒప్పుకోవాలి. "నా చేతుల్లో ఏమీ లేదమ్మా. దీనికి రసీదు రాసిస్తాను," అన్నాడు.

"రసీదు మెడకు కట్టుకోవాల్నా సారూ?" అన్నది వదిన.

ఆమె అమ్మ చేతులు విడిపించుకొని, తాడు తలమీదుగా తీసి, బిళ్లను అరచేతిలో పట్టుకున్నది. "ఇస్త. గని ఒక్క మాట. గీమె మా అక్క. బోర్ల పెట్టకున్రి. గా మొగోని మొగం మీదికి రావొద్దు."

"అలాగేనమ్మా," అన్నాడు ఆఫీసరు. అని, బిళ్ల అందుకున్న ఆ క్షణంలోనే వేళ్ల మధ్యన తిప్పి రాజు మొహం చూశాడు. అలవాటు కొద్దీ చేసి ఉంటాడు. అమ్మ కండ్లు మూసుకుంది, అన్న గోడ వైపు తిరిగాడు. జీపు పోయినాక ఆ దుమ్ము ఇంకా అణగలేదు, వదిన అరుగు మీదనే కూలబడి నడుము పట్టుకున్నది. నొప్పులు.

మంత్రసానికి కబురు పోయింది. అమ్మ చేసేదేమీ లేనట్టు దొడ్డి ముందర కూర్చున్నది, పెద్దవదిన పీట వేసే చోట. లోపలి నుంచి వదిన మూలుగు వినబడుతుంటే, అమ్మ ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పెదవులు కదిలిస్తున్నది. పెద్దవదిన కాన్పునాడు కూడా ఇట్లాగే మొదలైంది, ఇదే వేళ. అప్పుడు నాకు గుర్తొచ్చింది, నేను రుద్దింది రెండు కాగితాల మీద. రెండోది నా వాచకంలో ఉన్నది. తెచ్చి అమ్మ ముందర పెట్టాను. ఇది నీకెక్కడిది అని అమ్మ అడగలేదు, అడిగే చూపు చూసింది. ఉత్తరం రాసింది నేనేనని ఆమెకు అర్థమవుతున్నదని తెలిసి నేను పక్కకు తిరిగాను. తలుపు సందులో నుంచి చూస్తున్నదేమో, లోపల నుంచి నొప్పి మధ్యన వదిన గొంతు వినబడింది. "నేనే గీసుకొమ్మన్న అత్తా. గిది కట్టు. కాయితమైతేంది, అక్క మొగముండె గదా."

అమ్మ కాగితాన్ని వెలుతురుకు పట్టింది. పీట ఉన్నది, కట్టె ఉన్నది, మండ ఉన్నది. కండ్లకద్దుకొని, తన మెడలోని రాగి తాయెత్తు విప్పి, అందులో ఉన్నదేదో దులిపేసి, కాగితం మడిచి పెట్టి వదిన మెడకు కట్టింది. ఆ మధ్యాహ్నం నుంచి తెల్లారి పొద్దెక్కేదాకా మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. అన్న దొడ్డిలోనే ఉండి, కుంటుతున్న గొర్రె ఒక్కటీ లేకపోయినా అన్నిటి గిట్టలూ చూస్తూ కూర్చున్నాడు. పొద్దెక్కినాక ఆడపిల్ల ఏడుపు వినబడింది. నన్ను మ్యూజియానికి తీసుకుపోయిన మనవరాలు ఆ పిల్ల కూతురే.

మా అన్నకు ఆ చాడీ చెప్పిందెవరో తేల్చుకోవాలని పట్టుదల. బెజ్జం సంగతి తెలిసింది ఇంటివాళ్లకూ ఔసలాయనకే కనుక, ఆయనే అనుకున్నాడు. ఆనాటి నుంచి ఆ ముసలాయనకు మా ఇంటి నుంచి వెండి పని పోలేదు, ఎదురుపడితే పలకరింపు లేదు. ఆయన ఒకసారి నన్ను వాగు దగ్గర ఆపి, నేనేం తప్పు చేసిన బిడ్డా అని అడిగాడు. ఏమీ చేయలేదని చెప్పడానికి నాకు ధైర్యం లేదు. అన్న పోయేదాకా చెప్పలేదు. ఎవరి మీదికైనా కోపం తెచ్చుకోవడం నాకు సులువు, ఈ రోజు కూడా చీటీ రాసినవాని మీద మండిపడుతున్నాను కదా. ఆ ముసలాయన మొహం గుర్తొస్తే మాత్రం కోపానికి చోటు దొరకదు.

జీపు వచ్చి పోయిన నెలకు పేపరులో నా ప్రశ్నకు జవాబు అచ్చయింది, మూడు వరుసలు. ఏసుక్రీస్తు నాటి రోము చక్రవర్తి నాణెం, వెనక కూర్చున్న స్త్రీ ఆయన తల్లి అని కొందరు, శాంతిదేవత అని కొందరు అంటారు అని. బాలింతరాలి మంచం దగ్గర కూర్చొని వదినకు చదివి వినిపించాను. ఆమె పిల్లకు పాలిస్తూ, "తల్లో దేవతో వాళ్లకే తెల్వదా? మనత్తకైతే సూడంగనే తెలిసె," అన్నది. ఆ తర్వాత ఆ ఉత్తరం మాట ఎవరితోనూ ఎత్తలేదు. నా చేతిలో పుస్తకం కనబడినప్పుడు మాత్రం, "ఇంకేమన్న అడుగుతున్నవా మరిదీ, జీపొస్తదేమో సూసుకో" అనేది. చాలా ఏండ్లకు ఒక పుస్తకంలో చదివాను. ఆ చక్రవర్తి తల్లి కూడా మారుమనువు మనిషేనట. మొదటి భర్త కొడుకు చిన్నవాడై ఉండగా, ఇంకొక బిడ్డ కడుపులో ఉండగా రెండో ఇంటికి పోయిందట. వదినకు చెప్పాను. ఆమె చెయ్యి తాయెత్తు మీదికి పోయింది.

నాలుగేండ్ల కింద వదిన పోయింది. తాయెత్తు విప్పింది నేనే. కాగితం మడతల వెంట నాలుగు ముక్కలైంది. చెమటకూ రాపిడికీ పెన్సిలు మసి అంతా కలిసిపోయి పీట లేదు, కట్టె లేదు, మండ లేదు. ఒక ముక్క మీద బెజ్జం చోట తెల్ల చుక్క ఒక్కటి మిగిలింది.

మ్యూజియంలో కాపలా ఉన్న పిల్లవాణ్ని పిలిచి, కింది వరుసలో చివరిది ఒక్కటి తిప్పి పెట్టమని అడిగాను. అతను నన్ను పైనుంచి కిందికి చూసి, "తాళాలు సారు దగ్గరుంటయి తాతా. దరఖాస్తు వెట్టుకో" అన్నాడు. మనవరాలు కాగితం ఇచ్చింది, నేను చెప్తుంటే రాస్తానన్నది. వద్దని, కండ్లు ఆనకపోయినా నా చేత్తోనే రాశాను. కింద ఈసారి నా సొంత పేరు పెట్టాను. మట్టి కింద రెండు వేల ఏండ్లు ఆమె ఎటు తిరిగి పడుకున్నదో ఎవరికీ తెలియదు. అద్దం కింద బోర్లా పడుకున్న ఈ అరవై ఏండ్లే వాటికంటే పొడుగని నాకు తోస్తున్నది.